పసుపు ఓడలో ఉండగా బ్యాంకు మూతపడింది

ఆర్మూర్‌లో పసుపును పాలిష్ చేసి విదేశాలకు పంపే ఒక మిల్లులో నేను చాలా ఏళ్లుగా కాగితాల పని చేస్తున్నాను. పెళ్లికి ముందు మా అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టేదాన్ని. దూరవిద్యలో డిగ్రీ చదివి, కంప్యూటర్ నేర్చుకుని ఈ మిల్లులో చేరాను. ఎగుమతి అంటే సగం పసుపు, సగం కాగితం. పసుపు సంగతి మిల్లు యజమాని చూసుకుంటారు. ఆయన్ని అందరం సేటు అని పిలుస్తాం. డెబ్బై దాటిన మనిషి. చేత్తో తిప్పే ఒక్క డ్రమ్ముతో మొదలుపెట్టి, నలభై మంది పనిచేసే మిల్లు దాకా తెచ్చారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కాగితం సంగతి నాకు వదిలేసి, నేను ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతారు.

ఇప్పుడు చెప్పబోయేది ఒక మార్చి నెలలో జరిగింది. మార్చి అంటే మాకు పసుపు సీజను మధ్య. ఊళ్లో ఏ రోడ్డు మీద చూసినా పసుపు బస్తాల ట్రాక్టర్లే. మిల్లులో గాలి కూడా పచ్చగా ఉంటుంది. సాయంత్రం ఇంటికి వెళ్లి తలస్నానం చేస్తే నీళ్లు పసుపు రంగులో పారుతాయి.

ఆ శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు గది తాళం తీసి, కంప్యూటర్ ఆన్ చేసి, మెయిల్ చూశాను. అమెరికా నుంచి ఒక్కటే మెయిల్ ఉంది. మా సరుకు కొనే ఆమె రాసింది. చిన్న కంపెనీ ఆమెది. మా పసుపును అక్కడ పొడి కొట్టించి, చిన్న చిన్న డబ్బాల్లో నింపి అమ్ముతుంది. రెండేళ్ల ముందు ఒకసారి ఆర్మూర్ వచ్చి, పసుపు పండే పొలం చూడాలని పట్టుబట్టింది. ఎప్పుడు రాసినా పొడుగ్గా, వాతావరణం దగ్గర్నుంచి మొదలుపెట్టి రాస్తుంది. ఈసారి మాత్రం నాలుగే వాక్యాలు. మా బ్యాంకును ఈ రోజు ప్రభుత్వం మూసేసింది. నా కంపెనీ డబ్బు మొత్తం అందులోనే ఉంది. మీకు సోమవారం పంపాల్సిన డబ్బు పంపలేను. నన్ను క్షమించండి, ఏం చేయాలో నాకే తెలియడం లేదు.

నేను రెండుసార్లు చదివాను. ఆమె కోసం పంపిన కంటైనరు అప్పటికి నెలకు పైగా సముద్రం మీద ఉంది. ఆ సోమవారమే అక్కడి రేవుకు చేరాలి.

సేటు మార్కెట్ యార్డు నుంచి రాగానే చెప్పాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకుంటూ నిలబడిపోయారు.

"బ్యాంకు బందయిందా? ఏ ఊరి బ్యాంకు?"

"అమెరికాది సేటు."

"అమెరికాల బ్యాంకు బందవుడేంది బిడ్డా? సరిగ్గ చదివినవా?"

"రెండుసార్లు చదివిన సేటు. టీవీల కూడా వస్తున్నదట."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. కోపం రాలేదు, భయం కూడా కనిపించలేదు. ఆశ్చర్యపోయారు, అంతే. మన దగ్గర చిట్టీల వాళ్లు మునిగిపోవడం ఆయన చూశారు. పక్క జిల్లాలో ఒక చిన్న సహకార బ్యాంకు మూతపడితే, తాళం వేసిన షట్టరు ముందు జనం నిలబడి ఉండటం తన కళ్లతో చూశానని ఒకసారి నాతో చెప్పారు. కానీ అమెరికా బ్యాంకు అనేది ఆయన మనసులో ఒక గుట్ట లాంటిది. గుట్ట పడిపోయిందంటే ఎవరైనా ఎట్లా నమ్ముతారు?

రోజూ పదకొండు గంటలకు మా మిల్లుకు ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు వస్తారు. సేటుకు పాత స్నేహితుడు. మిల్లులో టీ తాగి, పేపరు చదివి, పన్నెండింటికి వెళ్లిపోతారు. ఆ రోజు ఆయన వచ్చేసరికి సేటు గుమ్మంలోనే ఎదురెళ్లారు.

"ఎవడు తిన్నడు సార్ గా పైసలు?" అని అడిగారు.

మేనేజరు సారు చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, నింపాదిగా కూర్చున్నారు. "ఎవ్వడు తినలే. అదే గమ్మత్తు," అన్నారు.

"తినకుంటే బ్యాంకెట్ల మునుగుతది?"

"చెప్త, విను. నీ దగ్గర ఒక కాగితమున్నదనుకో. సర్కారు ఇచ్చిన కాగితం. నూరు రూపాయలు పెట్టి కొన్నవ్. ఏటా రూపాయిన్నర వడ్డీ ఇస్తం, పదేండ్లకు నీ నూరు నీకిస్తం అని అండ్ల రాసున్నది. మంచిదే కదా?"

"సర్కారు కాగితమైతే మంచిదే."

"ఇంక రెండేండ్లకు గదే సర్కారు కొత్త కాగితం తెచ్చింది. దానికి నూటికి నాలుగు రూపాయల వడ్డీ. ఇప్పుడు నీకు పైసలు అవసరం పడ్డయి. నీ పాత కాగితం నాకమ్ముతనంటవ్. నూరు రూపాయలిచ్చి నేనెందుకు కొంట?"

సేటు యాభై ఏళ్లుగా బేరాలు చేసిన మనిషి. ఒక్క క్షణం కూడా పట్టలేదు. "తక్కువకిస్తే కొంటవు," అన్నారు.

"గంతే. గా బ్యాంకుల జరిగింది గదే. జనం మస్తు డిపాజిట్లు చేసిండ్రు. బ్యాంకోళ్లు గా పైసలతోని సర్కారు కాగితాలు కొన్నరు. ఆడ ధరలు బాగ పెరిగినయి. గుడ్లు పిరమైనయి, ఇంటి కిరాయిలు పిరమైనయి. ధరలు దించాలని ఆడి సర్కారు బ్యాంకు, మన రిజర్వు బ్యాంకు లెక్కటిది, వడ్డీ పెంచుకుంట పోయింది. వడ్డీ పెరిగిన కొద్ది బ్యాంకు తిజోరిల ఉన్న కాగితాల ధర దిగుకుంట వచ్చింది."

"పాత పసుపు లెక్క," అన్నారు సేటు.

"కాదు సేటు. పాత పసుపుకు పురుగు పడ్తది. గీ కాగితం చెడిపోలే. పదేండ్లు పట్టుకుంటే పైస కూడా తగ్గకుంట వస్తది. కానీ ఆగనియ్యాలె కదా? డిపాజిట్లు చేసినోళ్లకు పైసలు కావాల్సొచ్చి బ్యాంకు కొన్ని కాగితాలు నష్టానికి అమ్మింది. గా ముచ్చట బయటపడ్డది. ఒకరు చెప్తే ఒకరు, అందరు ఒక్కరోజుల డబ్బు గుంజుకున్నరు. క్యూ కూడా కట్టలే, ఫోన్లనే గుంజుకున్నరు. రెండో రోజుకు బ్యాంకు లేదు."

అవతల డ్రమ్ములో పసుపు కొమ్ములు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. దొంగ లేడు, దోపిడీ లేదు, నిప్పంటుకోలేదు, వరద రాలేదు. ఒక అంకె పెరిగింది. దానివల్ల ఒక బ్యాంకు, దానిలో వేల కంపెనీల డబ్బు, అందులో ఒక చిన్న కంపెనీ, దాని కోసం బాల్కొండ చేలలో తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, ఆర్మూర్‌లో పాలిష్ పట్టిన మా పసుపు, అన్నీ ఆగిపోయాయి. నేను పరీక్షల కోసం 'వడ్డీ రేటు పెరిగితే బాండ్ల ధర తగ్గును' అనే వాక్యాన్ని బట్టీ పట్టినదాన్నే. ఆ వాక్యం ఇంత పని చేయగలదని ఎప్పుడూ అనుకోలేదు.

"ఇంకోటి చెప్త," అన్నారు మేనేజరు సారు. "గీ యేడు మన స్టాకిస్టులు పసుపు తక్కువ కొంటున్నరని నువ్వే అన్నవు కదా. మన దగ్గర కూడా వడ్డీ పెరిగింది. బ్యాంకు పైసలతోని పసుపు కొని గోదాముల పెడితే, నెలనెలా వడ్డీ మీద పడ్తది. గందుకే ఎవ్వడు పెట్టుకుంట లేడు. ఆడ బ్యాంకును పడగొట్టింది, ఈడ పసుపు ధరను తొక్కిపెట్టింది, రెండిట్ల వడ్డీ చెయ్యున్నది."

ఆ సాయంత్రం మా ఆయన దుబాయ్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ఒక బిల్డింగులో ఏసీలు బాగుచేసే పని ఆయనది. నేను బ్యాంకు సంగతంతా చెప్పాను. ఆయన విని, "మాకు కూడా రూములందరు గదే ముచ్చట పెడుతున్నరు. దిర్హం మంచిగున్నది, జల్ది పంపుకోండ్రి, రేపేమైతదో అంటున్నరు," అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. ఏడాదిగా ఆయన పంపే డబ్బు ఇక్కడికి వచ్చేసరికి ఎక్కువవుతూ వస్తోంది. జీతం పెరగలేదు. దిర్హానికి వచ్చే రూపాయలు పెరిగాయి. ఎందుకు పెరిగాయో మేమెప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు ఫోన్ పెట్టేశాక మేనేజరు సారుకు ఫోన్ చేసి అడిగాను.

"దిర్హం డాలరుకు కట్టేసి ఉంటదమ్మా," అన్నారాయన. "అమెరికాల వడ్డీ పెరిగితే లోకంల పైసలన్నీ డాలరు దిక్కు ఉరుకుతయి. డాలరు బలపడ్తది, దాంతోని దిర్హం. మన రూపాయి జర దిగుతది. గందుకే నీకు ఎక్కువొస్తున్నయి."

మా ఇంటి వంటగదికి ఆ ఏడాదే గచ్చు తీసేసి టైల్స్ వేయించాం. ఫోన్ పెట్టేసి ఆ టైల్స్ మీద చాలాసేపు నిలబడ్డాను. ఒక దేశం గుడ్ల ధర దించాలనుకుంది. అందుకోసం వడ్డీ పెంచింది. ఆ వడ్డీ అక్కడ ఒక బ్యాంకును కూల్చింది. అదే వడ్డీ ఆర్మూర్‌లో నా కాళ్ల కింద టైల్స్ వేసింది. మనం ఎవరితోనూ సంబంధం లేకుండా మన బతుకు మనం బతుకుతున్నామనుకుంటాం. అది నిజం కాదని ఆ సాయంత్రం నాకు తెలిసింది. ఆ తెలియడంలో భయం ఉంది కానీ, దానికంటే ఎక్కువగా, రాత్రి ఆకాశంలో చుక్కలు మొదటిసారి సరిగ్గా చూసినప్పుడు కలిగేలాంటిది ఒకటి కలిగింది.

సీజనులో మాకు ఆదివారం సెలవుండదు. మరునాడు పొద్దున్నే బాల్కొండ నుంచి పెద్దమ్మ వచ్చింది. ఆమె మాకు చుట్టమేమీ కాదు, కానీ మిల్లులో అందరం పెద్దమ్మ అనే అంటాం. నాలుగెకరాల్లో పసుపు, మక్కజొన్న పండిస్తుంది. పొలం పనీ ఆమెదే, బేరం పనీ ఆమెదే. అమెరికా నుంచి వచ్చిన ఆమెకు మేం చూపించింది పెద్దమ్మ పొలమే. ఓడలో ఉన్న సరుకులో ఎక్కువ భాగం కూడా ఆమె పసుపే. ఇప్పుడు మిగిలిన పంటను ట్రాక్టరులో వేసుకుని, తర్వాతి కంటైనరు కోసం తెచ్చింది.

సేటు ఆమెను కూర్చోబెట్టి, నీళ్లిప్పించి, ఉన్నదున్నట్టు చెప్పారు.

"ఓడల సరుకు నాదే అయింది, దాని పైసలు నీకు ఇచ్చేసిన. అది నా నష్టం, నీకు సంబంధం లేదు. కానీ గీ ట్రాక్టరు సరుకు నేను ఇప్పుడు కొనలేను. ఆడికెళ్లి పైసలు రాకుంటే నా చేతిల ఏం ఆడదు. నువ్వు నిజామాబాద్ యార్డుకు తీస్కపోతవంటే ట్రాక్టరు కిరాయి నేనిస్త."

పెద్దమ్మ అంతా విన్నది. బ్యాంకు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "గా పిల్ల ఎట్లున్నది?" అన్నది.

సేటుకు అర్థం కాలేదు. "ఏ పిల్ల?"

"గదే, మా చేన్ల రొట్టె తిన్న పిల్ల. పైసలన్నీ మునిగినయంటివి కదా. ఎవలన్నా ఉన్నరా దగ్గర? అడిగిండ్రా?"

మేమెవరం అడగలేదు. నేను సిగ్గుపడ్డాను. ఆమె మెయిల్‌కు 'దయచేసి వివరాలు తెలపండి' అని జవాబు రాశాను, అంతే.

"ఫోన్ల మాట పంపొచ్చు కదా బిడ్డా, పంపు," అన్నది పెద్దమ్మ. నేను ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆమె ముందుకు వంగి, దూరంగా ఉన్నవాళ్లను పిలిచినట్టు గట్టిగా మాట్లాడింది.

"బిడ్డా, నేను బాల్కొండ పెద్దమ్మను. నీ బ్యాంకు మునిగిందని చెప్పిండ్రు. నువ్వు రంది పడకు. తిండి మానకు. పసుపు మంచిగెండింది, ఏడాదున్నా చెడిపోదు. నువ్వు కోలుకున్నంక తీసుకుందువు. పానం జాగ్రత్త."

దాని కింద నేను ఇంగ్లీషులో రాసి పంపాను. 'రంది' అనే మాటకు సరైన మాట దొరక్క కొంచెం తడబడ్డాను. చివరికి, దిగులుతో లోపల్లోపల కాలిపోకు అని రాశాను.

గంట లోపే జవాబు వచ్చింది. అదీ గొంతే. ఆమె ఏడుస్తోందని మాటలు అర్థం కాకపోయినా అందరికీ తెలిసిపోయింది. నేను విని తెలుగులో చెప్పాను. శుక్రవారం పొద్దున బ్యాంకు తలుపు దగ్గరికి వెళ్లిందట. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉందట. తనలాంటి వాళ్లు వందమంది దాకా రోడ్డు మీద నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారట. తన దగ్గర ఆరుగురు పనిచేస్తారు, బుధవారం జీతాలివ్వాలి. రెండు రోజులుగా తెలిసినవాళ్లంతా ఎంత పోయింది, ఎప్పుడొస్తుంది అనే అడిగారు. తిండి మానకు అని చెప్పింది మీరొక్కరే. అట్లా చెప్పి, చివర్లో ఒక మాట అన్నది. కంటైనరు సోమవారం దిగుతుంది, మీరు కాగితం ఇవ్వకపోతే నేను తీసుకోలేను, అది న్యాయమే, మీరు వేరేవాళ్లకు అమ్ముకోండి, నేనేమీ అనుకోను.

ఆ కాగితం సంగతి చెప్పాలి. సరుకు ఓడ ఎక్కినప్పుడు షిప్పింగ్ కంపెనీ ఒక పత్రం ఇస్తుంది. అది ఎవరి చేతిలో ఉంటే సరుకు వాళ్లది. కొన్నవాళ్లు డబ్బు పంపాకే మేం దాన్ని వదులుతాం. వదలడానికి అమెరికా దాకా పంపనక్కర్లేదు. హైదరాబాద్‌లో షిప్పింగ్ కంపెనీ ఆఫీసులో అప్పజెప్పితే, వాళ్లు అక్కడికి ఒక సందేశం పంపుతారు, సరుకు ఆమె చేతికి పోతుంది. వదలకపోతే కంటైనరు రేవులోనే ఉంటుంది. కొన్ని రోజులయ్యాక రోజుకింత అని కిరాయి పడుతుంది. ఆ పత్రం మా ఆఫీసు బీరువాలో ఉంది. నేనే పెట్టాను.

పదకొండింటికి మేనేజరు సారు వచ్చారు. సేటు ఆయనకు గొంతులు రెండూ వినిపించమన్నారు. విన్నాక సేటు అన్నారు, "సార్, కాగితం ఇచ్చేద్దామనుకుంటున్న."

మేనేజరు సారు ఎగిరిపడ్డారు. "పాగలైనవా సేటు? పైసలు రాకముందు కాగితమిస్తరా ఎవలన్న? కంటైనరు పసుపు! గా బ్యాంకు నుంచి ఆమెకు ఎంతొస్తదో, ఎన్నేండ్లకొస్తదో దేవునికే తెల్వాలె!"

"కాగితమియ్యకుంటే ఆమె డబ్బాల నింపేదేంది, అమ్మేదేంది? సరుకుంటే అమ్ముకుంటది, అమ్ముకుంటే నాకిస్తది. సరుకు లేకుంటే బ్యాంకు పైసలొచ్చినంక కూడా దుకాణం ఉండదు."

"అది మంచి మాటనే. కానీ నేను ముప్పై ఏండ్లు బ్యాంకుల చేసిన. మంచి మాటలకు లోను ఇయ్యొద్దని నేర్పిండ్రు."

"గా బ్యాంకోళ్లు కూడా మంచి కాగితమే కొన్నరు కదా సార్," అన్నారు సేటు మెల్లగా. "సర్కారు కాగితం. అంతకంటే గట్టిది లేదంటిరి. అదే ముంచింది. ఇంక గట్టిదేదో నాకెట్ల తెలుస్తది? గీమె మనిషిని నేను చూసిన. మన చేన్ల బురదల దిగి నిలబడ్డది."

మేనేజరు సారు తల అడ్డంగా ఊపి, పేపరు తెరిచారు. పెద్దమ్మ లేచి, తన ట్రాక్టరు సరుకు మిల్లు గోదాములో దించమని హమాలీలకు చెప్పింది. "యార్డుకు పోను. ధర లేదు గిప్పుడు. ఈడనే ఉండనియ్యి," అన్నది. ఇద్దరు ముసలివాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, తమ చేతిలో ఉన్నదాన్ని వదిలేయడం నేను చూశాను. ప్రపంచమంతా ఉన్నది గుంజుకోవడానికి పరుగెత్తిన వారంలో అది జరిగింది.

కాగితం వదులుతున్నామని ఆ రాత్రే అమెరికా ఆమెకు రాసి పంపి, సోమవారం పొద్దున ఏడున్నర బస్సు ఎక్కాను. పత్రం ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరు సంచిలో పెట్టి, సంచిని ఒళ్లో పెట్టుకున్నాను. కామారెడ్డి దాటాక మేనేజరు సారు ఫోన్.

"అమ్మా, ఎక్కడున్నవ్? ఆడ సర్కారు చెప్పిందట! గా బ్యాంకుల డిపాజిట్లన్నీ పూర్తిగ ఇచ్చేస్తమని. పొద్దుగాల టీవీల వచ్చింది. నువ్వు దిగి, వాపసు వచ్చే బస్సెక్కు. ఇగ ఆమె పైసలు వస్తయి కదా. ముట్టినంకనే కాగితం ఇద్దాం, ఎవరికి రంది ఉండదు."

ఆయన మాటలో న్యాయం ఉంది. డబ్బు వస్తుందన్నారు కానీ, ఆమెకు చేరి, ఆమె నుంచి మాకు చేరేదాకా అది మాటే. ఆయనే ఇంకో సంగతీ చెప్పారు. మన దగ్గర మార్కెట్ తెరవగానే బ్యాంకుల షేర్లు పడుతున్నాయట. ఇక్కడి బ్యాంకులకు ఆ బ్యాంకుతో ఏ సంబంధం లేకపోయినా పడుతున్నాయట. బంగారం మాత్రం లేస్తోందట. ఇంకా ఏ బ్యాంకు పడుతుందో అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారట.

నేను సేటుకు ఫోన్ చేశాను. యార్డు గోల మధ్య ఆయన గొంతు వినిపించింది. అంతా చెప్పాను. వాపసు రానా అని అడిగాను.

"ఎందుకు? నిన్న ఇస్తమన్నం కదా?"

"సార్ అంటున్నరు, ఇప్పుడు అవసరం లేదని."

"నిన్న అవసరమున్నదని ఇస్తనన్న. ఇయ్యాల్ల భయం తగ్గిందని మాట వాపసు తీసుకుంటే ఏం బాగుంటది? నువ్వు పో బిడ్డా. బస్సుల ఏమన్నా తిను."

హైదరాబాద్‌లో ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. కౌంటరులో ఉన్న అమ్మాయి నా పత్రం తీసుకుని, నంబరు చూసి, వెనక్కి తిప్పి, ముద్ర కొట్టింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత తెర నా వైపు తిప్పి చూపించింది. సముద్రం పటం మీద చిన్న ఆకుపచ్చ గుర్తు, రేవుకు ఆనుకుని.

"మీది చేరింది మేడమ్," అన్నది.

నేను ఆ గుర్తును చూస్తూ నిలబడ్డాను. ఆ ఓడ మా తీరం వదిలినప్పుడు ఆ బ్యాంకు లోకంలో ఉంది. ఓడ సముద్రాలు దాటి అవతలి ఒడ్డు చేరేసరికి బ్యాంకు లేదు. ఓడలో ఉన్న పసుపుకు అదేమీ తెలియదు. ఎక్కినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. నా వెనక క్యూలో ఉన్న మనిషి దగ్గితే తప్ప నాకు తెలివి రాలేదు.

మంగళవారం మిల్లులో కొమ్ములు ఏరే ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. అందులో చాలామంది ఇంటి దగ్గర బీడీలు కూడా చుడతారు. "మన బ్యాంకుల కూడా గట్లనే అయితదా అక్కా? మా పైసలు తీసుకోవాల్నా?" అని అడిగారు. నాకు చెప్పడం రాక మేనేజరు సారును పిలిచాను. ఆయన పసుపు కుప్పల మధ్య స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పారు. మన బ్యాంకు మునిగినా ఐదు లక్షల దాకా బీమా ఉంటుందని, వదంతి విని అందరూ ఒకేసారి పరుగెత్తితే మంచి బ్యాంకు కూడా పడిపోతుందని చెప్పారు. ఒకామె అంతా విని, "అంటే బ్యాంకు మా మీద నిలబడ్డదా?" అని అడిగింది.

"అవునమ్మా. మీ మీదనే," అన్నారాయన.

ఆ ఆడవాళ్ల ముఖాల్లో కనిపించింది గర్వమో, భయమో నేను చెప్పలేను. వాళ్లు మళ్లీ కొమ్ములు ఏరడానికి కూర్చున్నారు.

డబ్బు ఆ వారం చివరికి వచ్చింది. పూర్తిగా వచ్చింది. ఆమె బుధవారం ఆరుగురికీ జీతాలిచ్చానని రాసింది. అదే వారంలో యూరప్‌లో వందేళ్లకు పైబడిన ఒక పెద్ద బ్యాంకు కూలబోయి, ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. మేనేజరు సారు ఆ వార్త చదివి పేపరు మడిచి పెట్టి, "నేను అనుకున్నంత గట్టిది కాదు సేటు గా లోకం," అన్నారు. కాగితం విషయంలో ఎవరిది సరైన మాటో ఆయనా అనలేదు, సేటూ అనలేదు.

అన్నీ బాగైపోయాయని చెప్పను. అమెరికా ఆమెకు కొత్త బ్యాంకులో అప్పు ఖరీదైంది. కంపెనీలో డబ్బు పెట్టేవాళ్లు వెనక్కి తగ్గారు. మరుసటి ఏడాది ఆమె సగం సరుకే తీసుకుంది. మా సేటుకు కూడా బ్యాంకు వడ్డీ పెరిగి, కొనాలనుకున్న కొత్త మిషను కొనలేదు. ఆ ఎండాకాలం రైతులు పసుపు వదిలి వేరే పంటల వైపు వెళ్లారు. వానలు పడ్డాక, వచ్చే పంట తక్కువని తెలిసి పసుపు ధర లేచింది. పెద్దమ్మ గోదాములో ఉంచిన పంట అప్పుడు అమ్ముడుపోయింది. యార్డుకు తీసుకెళ్లి ఉంటే రానంత వచ్చింది. అది తెలివని ఆమె అనుకోలేదు. "నేను పిల్ల కోసం ఉంచిన. ధర దానంతటదే వచ్చింది," అన్నది.

విత్తనం కొమ్ములు నాటే రోజుల్లో ఒకసారి బాల్కొండ వెళ్లాను. పెద్దమ్మ చేను గట్టు మీద కూర్చుని, కూలీలకు సాళ్లు చూపిస్తోంది. నన్ను చూసి చేయి ఊపి, దగ్గరికి పోగానే ముందు మా ఆయన బాగోగులు అడిగింది. తర్వాత గొంతు తగ్గించి, ఎవరూ వినకూడనట్టు అడిగింది.

"అమెరికాల వడ్డీ ఇప్పుడెట్లున్నది బిడ్డా? పెరుగుతదా, దిగుతదా?"

"నాకు తెల్వదు పెద్దమ్మా. ఎవలకు తెల్వదంటున్నరు."

ఆమె తలూపింది. వాన మబ్బు వైపు చూసినట్టే ఒకసారి దూరంగా చూసి, లేచి, నడుముకు కొంగు చుట్టుకుని సాలులోకి దిగింది.